వెనక మెట్టు మీది మనిషి

ఊళ్ళో సగం కుటుంబాలను తన ఫోటోస్టూడియోలో చట్రాల్లో ఇమిడ్చిన ఆమెకు, తన పుట్టింటివాళ్ళతో భర్తను కలుపుకొని దిగిన ఫోటో ఒక్కటీ లేదు. తండ్రి దుకాణంలో వ్యాను నడిపినవాణ్ణి చేసుకున్నందుకు, ఆ ఇంటి గోడమీది ఫోటోల్లో ఆమె పెళ్ళికి ముందే ఆగిపోయింది. తండ్రి పోయాక రాకపోకలు మొదలయ్యాయి, మాటలు కలిశాయి. గోడ మాత్రం మారలేదు. అందుకే తల్లి ఫోను చేసి, "అందరం పెరట్లో ఓ ఫోటో దిగుదామే, అల్లుణ్ణి కూడా తీసుకురా" అన్నప్పుడు, వినపడనట్టు నటించి ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది.

ఆదివారం ఉదయం పెరట్లో ఇంటి నీడ ఇంకా పరుచుకునే ఉంది. ఎండలో నిలబెడితే కళ్ళు చికిలిస్తారు. సగం ఎండా సగం నీడా అయితే ముఖాలు చారలు పడతాయి. కుర్చీలన్నీ నీడలోకి లాగించింది. నడుమ తల్లి, ఆమె ఒళ్ళో తమ్ముడి చిన్నకూతురు, ఒక పక్క మరదలు, మరో పక్క తమ్ముడి కోసం ఖాళీ కుర్చీ. భర్తను ఎక్కడ నిలబెట్టాలో తమ్ముడే తేల్చాడు.

"బావ పొడుగు కదక్కా. వెనక మెట్టు మీదైతే నిండుగా ఉంటాడు."

"పొడుగు సరే, కుర్చీలకీ మెట్టుకీ అంత ఎడం ఉందే!"

"అందుకేగా నువ్వున్నది. ఎపర్చర్ ఎనిమిదిలో పెట్టావంటే వీధి చివరి కుక్క కూడా స్పష్టంగా వస్తుంది."

"చూశావా, మీ తమ్ముడు నన్ను కుక్కతో జతచేశాడు" అన్నాడు భర్త మెట్టు మీంచి.

"లేదు బావా! కుక్కయితే చెప్పినచోట కదలకుండా కూర్చుంటుంది."

తల్లి కూడా నవ్వింది. ఆ నవ్వు కూతురి ప్రాణానికి ఎంత హాయిగా తోచిందో చెప్పలేం.

తమ్ముడికి కెమెరా కొత్త కాదు. ఇంటిల్లిపాదీ ముఖం చాటేసిన రోజుల్లో, కాలేజీ ఎగ్గొట్టి స్టూడియోకి వచ్చినవాడు అతనొక్కడే. బావ తెచ్చుకున్న క్యారియరు సగం ఖాళీచేసి, బావ వ్యానులోనే పరీక్షలకు వెళ్ళేవాడు. లెన్సులో కన్నాన్నే ఎపర్చర్ అంటారని, దాని అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుందని, కన్నం ఎంత పెద్దదైతే షట్టరు అంత త్వరగా మూసుకోవాలని, కన్నం పెద్దదయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుందని అతనికి నేర్పింది ఆమే.

ఎపర్చర్ ఎనిమిది, షట్టరు సెకనులో రెండువందలో వంతు. ఫోకస్ తల్లి కంటిమీద. ముందుగా ఒకటి తీసి, తెరమీద పెద్దది చేసి చూసుకుంది. తల్లి కళ్ళద్దాల అంచు, మెట్టు మీది మనిషి చొక్కా బొత్తాము, రెండూ స్పష్టంగా ఉన్నాయి.

"ఇంక నువ్వెళ్ళి బావ పక్కన నిలబడక్కా. టైమరు నొక్కి నేను పరిగెత్తుకొస్తా, నా కుర్చీ దగ్గరేగా."

అతను కెమెరా స్టాండు మీదికి వంగి కాసేపు అక్కడే ఉన్నాడు.

"ఎంతసేపురా? ఇది నా ఒళ్ళో నిలవట్లేదు!" అంది తల్లి.

"అయిపోయిందమ్మా!"

అతను వచ్చి కూర్చున్న క్షణానే పిల్ల గుప్పెట్లోని గడ్డిపరకలు పైకి విసిరింది. షట్టరు పడింది. కెమెరా చిన్న తెరమీద అందరూ నవ్వుతూ కనిపించారు. ఆమె తృప్తిగా సంచీ సర్దుకుంది.

మర్నాడు స్టూడియోలో పెద్ద తెరమీద తెరిచింది. తల్లి నుదుటి ముడతలు ఒక్కొక్కటీ లెక్కకు వచ్చేలా ఉన్నాయి. మెట్టు మీద మాత్రం రెండు రంగుల మరకలున్నాయి. ఒకటి తన ముఖమూ, రెండోది భర్త ముఖమూ అని తెలిసినవాళ్ళు తప్ప మరొకరు పోల్చుకోలేరు.

పొరపాటే అనుకుంది, అనుకోవాలనుకుంది. కెమెరా కదిలిందా? కదిలితే తల్లి ముఖమూ చెదిరేది. ఫోకస్ తప్పిందా? తప్పలేదు. ఎపర్చర్ పూర్తిగా తెరుచుకుంది, అంతే. చొక్కా చెయ్యి తగిలి కెమెరా మీది ఎపర్చర్ చక్రం తిరిగిందేమో? షట్టరు చక్రం తిరక్కుండా అదొక్కటే తిరిగితే వెలుతురు ముంచెత్తి ఫోటో తెల్లగా పాలిపోవాలి. ఇందులో వెలుతురు ఆమె తీసిన ఫోటోలో ఎంతో అంతే. అప్పుడు గడ్డిపరకలు చూసింది. గాలిలో సూదులతో గుచ్చినట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడి ఉన్నాయి. రెండువందలో వంతులో అవి గీతలై సాగాలి. ఎనిమిది నుంచి రెండుకు తెరిస్తే పదహారు రెట్ల వెలుతురు. దాన్ని సరిచేయాలంటే షట్టరు మూడువేల రెండువందలో వంతుకు పోవాలి. రెండు చక్రాలనూ ఒకే కొలతకు చొక్కా చెయ్యి తిప్పదు. ఆ లెక్క ఆమె నేర్పినదే.

మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. "ఎలా వచ్చానేంటి?"

"ఇంకా చూడలేదు" అంది. అతనితో అబద్ధమాడడం ఆమెకు అలవాటు లేదు.

ఉన్నదున్నట్టు పెద్ద కాగితం మీద ముద్రించి, పుట్టింటికి వెళ్ళింది. తమ్ముడు వసారాలోనే ఉన్నాడు.

"అబ్బ, అమ్మ ఎంత బాగా వచ్చిందక్కా!"

"మెట్టు మీద ఎవరు?"

"అయ్యో... చెయ్యి తగిలుంటుంది."

"రెండు చక్రాలకా? ఒకటి తెరిచి, దానికి తగ్గట్టు రెండోదాన్ని పరిగెత్తించిందా నీ చెయ్యి?"

అతను నేలకేసి చూస్తూ, "నన్నంటావేంటి? అమ్మే అలా చెయ్యమంది. నీ ముఖం మీద వద్దనలేక రమ్మంది" అన్నాడు.

ఆమె ఫోటోను అతని చేతిలోంచి లాక్కుంది. ఇంతమాట వినడానికా నిన్న అంత నవ్వు!

లోపలినుంచి తల్లి గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఫోటో తెచ్చావుటే? ఏదీ!" వెలుతురుకేసి ఎత్తి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నా కళ్ళు పాడుగాను, మళ్ళీ మసకలు కమ్ముతున్నాయి. నీ ముఖమూ అల్లుడి ముఖమూ ఆనట్లేదు. నవ్వాడా? మెట్టెక్కుతుంటే పిలిచి మరీ చెప్పాను, ఈ ఇంటి గోడమీద ఉంటావు, కాస్త నవ్వవయ్యా అని."

తమ్ముడు తలెత్తలేదు. "నవ్వాడమ్మా. నీకు అద్దాలు మార్పిద్దాంలే" అన్నాడు.

భర్త ముఖాన్ని చెరిపాడని తెలిసినప్పుడు కూడా ఆమె ఇంతగా రగిలిపోలేదు.

"నీ కళ్ళకేం కాలేదమ్మా" అంది. "ఫోటోనే అలా తీశాడు వీడు. నువ్వు చెయ్యమన్నావని నాకు చెప్పాడు."

"నేనా?" తల్లి కొడుకు వైపు తిరిగింది. "నేను చెప్పానట్రా?"

అతను నోరు విప్పాడు. "రేపు పదిమంది వచ్చి ఎవరాయనంటే ఏం చెప్పనమ్మా? మా నాన్న దగ్గర వ్యాను తోలినవాడనా?"

"నా అల్లుడని చెప్పు" అంది తల్లి. ఫోటోను అతని ఒళ్ళో పడేసింది. "నువ్వాయనకి ఫోను చెయ్యవే. ఇవాళే మళ్ళీ తీద్దాం."

ఆమె చేసింది. అటునుంచి భర్త నవ్వుతూ, "మళ్ళీనా? ఏం, నేను పాడుచేశానా?" అన్నాడు.

ఆమె అతని క్యారియరులో తిని పెరిగిన తమ్ముణ్ణి చూసింది.

"నువ్వు కాదు" అంది.