ఆయన పేరుమీద నా రక్తం

"నీ వంటలోనే ఏదో ఉంది," అన్నారు మా ఆయన, నేను కంచాలు తీస్తుంటే. కుర్చీలో వెనక్కి వాలి, పొట్టమీద చెయ్యేసుకుని, పొడుగ్గా ఒక త్రేన్పు తీసి మరీ అన్నారు. అప్పటికి నాలుగు రొట్టెలు, రెండు గుడ్లు, గిన్నెడు పెరుగు లోపలికి వెళ్ళాయి. అన్ని తిన్న మనిషికి త్రేన్పు రాక ఇంకేం వస్తుంది, పాటలొస్తాయా? పైకి అనలేదులెండి. ఇన్నేళ్ళ సంసారంలో నేను పైకి అనని మాటలన్నీ పోగేస్తే ఈ ఇంట్లో మనుషులు పట్టరు.

ఆఫీసులో పక్క సీటాయన చెప్పాడట. కొన్ని తిళ్ళు ఒంటికి పడకపోతే ఆ సంగతి వెంటనే తెలియదట, మర్నాడో ఆ మర్నాడో బయటపడుతుందట. అందుకే ఏది తిని ఏమైందో మనిషికి అంతు చిక్కదట. ఇప్పుడు ఇంటికే ఒక పెట్టె పంపుతారట, వేలు గుచ్చుకుని నాలుగు చుక్కల రక్తం తిప్పి పంపితే ఏవి పడతాయో ఏవి పడవో రంగులేసి చెబుతారట. ఈ "అట"లన్నీ విని మా అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత బాధ పడుతున్నావో నాయనా, పైకి చెప్పుకోవు," అన్నారు. చెప్పుకోకపోవడమా! ఆ త్రేన్పులు వీధి చివరి ఇంటికి కూడా తెలుసు. నేను సింకు దగ్గర నిలబడి, నొప్పితో పగిలిపోతున్న తలని ఒక చేత్తో నొక్కుకుంటూ ఇంకో చేత్తో గిన్నెలు తోముతున్నాను.

నా తలనొప్పి సంగతి ఎందుకులెండి. మధ్యాహ్నానికి కడుపు డోలులా ఉబ్బుతుంది. మోచేతుల మడతల్లో ఎర్రగా దద్దుర్లు. సాయంత్రానికి తలమీద ఎవరో కూర్చున్నంత బరువు. "ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే" అని అత్తయ్య. "నీది టెన్షన్" అని మా ఆయన. రెండేళ్ళ కిందట డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, కొన్నాళ్ళు గోధుమ, పాలు మానేసి చూడమంది. ఇంటికొచ్చి అదే చెప్పాను. "ఇంటికి రెండు వంటలా? ఎవరు చేస్తారు?" అన్నారు మా ఆయన, ఆ చేసే మనిషినే పట్టుకుని. "నువ్వు మానెయ్యమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నారు అత్తయ్య. ఎలా మానను? అందరూ తిన్నాక డబ్బాలో అడుగున మిగిలిన రొట్టె నాది. పొద్దుటి బ్రెడ్డు అంచులు నావి. గిన్నె కడగబోయే ముందు అందులో ఏముంటే అది నా భోజనం. పారేస్తే పాపం, వండుకుంటే దండగ. వారం రోజులు ప్రయత్నించి నోరు మూసుకున్నాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, కళ్ళముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? ఇదా?" అని అడగడం నా పని. పొద్దస్తమానం అదే ప్రశ్న. పదిసార్లు అడిగినా విసుక్కోకూడదు, వాళ్ళకి ఏది సుఖంగా ఉందో వాళ్ళే చెప్పాలి. మధ్యలో ఓనరుగారు తలుపు సందులోంచి తొంగిచూసి, "అమ్మా, వచ్చినవాళ్ళకి టీ" అంటారు. ఈ పనికి పరీక్ష పాసై వచ్చినదాన్ని టీ పెట్టడానికి లేస్తాను. తల పగిలిపోతున్న రోజున, "ఆ మొహం ఏంటమ్మా, కస్టమర్లు పారిపోతారు, కాస్త నవ్వు" అంటారు. నవ్వుతాను.

సరే, ఆ రక్తపరీక్ష పెట్టె వచ్చింది. అందులో చిన్న సూది దాచుకున్న ప్లాస్టిక్ బిళ్ళలు రెండు, నాలుగు గుండ్రాలు గీసిన అట్టలు రెండు, ఒకటి చెడితే ఇంకోటి ఉండాలని. తిప్పి పంపడానికి ఒక కవరు. "నువ్వు చదివి చెప్పు," అన్నారు మా ఆయన. చదివాను. కవరుమీద ఆయన పేరు, వయసు నేనే రాశాను. వేణ్ణీళ్ళు కాచాను, చెయ్యి కడిగించాను, తుడిచాను, వేలు పట్టుకున్నాను. అయ్యవారు కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు తిరిగారు. బిళ్ళ నొక్కాను. టక్కుమంది. ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఒక్క కేక! పూజకి కూర్చున్న అత్తయ్య పరుగెత్తుకొచ్చారు. చెయ్యి విదిలించిన విసురుకి రక్తం బల్లమీదా అట్టమీదా చిమ్మి, గుండ్రంలో తప్ప మిగతా అంతటా పడింది.

"ఇంకో బిళ్ళ ఉందండీ."

"ఇంకోసారా? నావల్ల కాదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అని వేలు నోట్లో పెట్టుకుని స్నానానికి వెళ్ళిపోయారు. గుమ్మంలో ఆ కవరు తీసుకెళ్ళడానికి వచ్చిన కొరియరతను. "మేడమ్, ఇంకా టైం పడుతుందా?"

నువ్వే ఏదో ఒకటి చెయ్యి. బ్యాంకులో సంతకం కుదరకపోయినా, అమ్మాయి కాలేజీలో సీటు దగ్గర గొడవైనా, పంపు విరిగి వంటిల్లు చెరువైనా, ఈ ఇంట్లో నాకు అప్పగించేది ఆ ఒక్క ముక్కే. నేను ఏదో ఒకటి చేస్తాను, అది జరిగిపోతుంది, ఎలా జరిగిందని ఎవరూ అడగరు. ఇదీ అంతే అనుకున్నాను. ఆ వేణ్ణీళ్ళల్లోనే నా చెయ్యి కడుక్కున్నాను. రెండో బిళ్ళ నా ఉంగరం వేలి పక్కన పెట్టి నొక్కాను. చుక్కలు నిండుగా, తొందరపెట్టకుండానే వచ్చాయి. నాలుగు గుండ్రాలూ నిండాయి. ఆరనిచ్చి కవర్లో పెట్టి ఇచ్చేశాను.

చెప్పకూడదని కాదు. ఆ పూటే చెప్పేదాన్నే. తీరా టిఫిను డబ్బా సర్ది తెచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుంటూ ఫోన్లో ఎవరితోనో "రక్తం పంపించేశానోయ్, ఏముంది, చీమ కుట్టినట్టుంటుంది" అంటున్నారు. ఒళ్ళు మండింది. డబ్బా చేతికిచ్చి లోపలికి వచ్చేశాను.

ఫలితం ఆయన ఫోన్‌కి వచ్చింది. పచ్చరంగు, పసుపు, ఎరుపు. ఎరుపులో గోధుమ, పాలు, గుడ్డు. ఆయన భుజం మీదుగా చూస్తూ, డాక్టరమ్మ అప్పుడు మానెయ్యమన్న ఆ రెండు పేర్లూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఇప్పుడు చెబుదాం అనుకుని నోరు తెరిచేలోపు, అత్తయ్య అల్మారా తలుపు తెరిచి గోధుమపిండి డబ్బా బట్టలుతికే పనిమనిషికి ఇచ్చేశారు. ఒక్క పూట పట్టలేదు! పాలవాణ్ణి మాన్పించారు. పాలు పోసిన టీ లేకపోతే మంచం దిగని మనిషి, "వాడి ఎదురుగా నేనెలా తాగను, వాడి ప్రాణం కొట్టుకోదూ" అని నల్లటి డికాక్షన్ గటగటా తాగేశారు. మా ఆయన ఆ ఫలితం కాగితం తీయించుకొచ్చి ఫ్రిజ్‌కి అంటించారు. బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి వచ్చాయి. బాదం నానబెట్టి రుబ్బి పాలు తీసే పని నాకు కొత్తగా తగిలింది. రెండు వంటల మాట ఎవరూ ఎత్తలేదు. అందరికీ ఒకే వంట, నాకు పడే వంట. నేను తల పట్టుకుని బతిమాలితే కదలని ఇల్లు నా రక్తానికి ఆయన పేరు తగిలించగానే లేచి నిలబడింది.

రెండో వారంలో ఒక పొద్దున నిద్ర లేచి ఏదో పోగొట్టుకున్నట్టు మంచం మీద కూర్చుండిపోయాను. తాళాలు ఉన్నాయి. ఫోన్ ఉంది. ఏం పోయిందబ్బా అని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాక తట్టింది, తలనొప్పి లేదు. మోచేతులు చూసుకున్నాను. ఎరుపు విరిగి చర్మం మామూలు రంగుకి వస్తోంది. చీర కుచ్చిళ్ళు సాయంత్రం కూడా పొద్దుటి చోటే ఉన్నాయి. షాపులో పెద్దావిడ ఒకామె అద్దాలు ఎంతకీ తేల్చుకోలేకపోతే, ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు రాలేదు. ఇంత తేలిగ్గా ఉంటుందా జనానికి, ఇలాగే తిరుగుతారా అందరూ, అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా ఆయనకీ బాగైందట. "ఒళ్ళు దూదిపింజలా ఉంది," అని వచ్చినవాళ్ళందరికీ ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళి కాగితం చూపించేవారు. హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఆ కబుర్లే. చివర్లో నా దాకా వచ్చి, "అమ్మా, నాన్నని జాగ్రత్తగా చూసుకో, ఏది పడితే అది పెట్టకు," అంది. "సరేనమ్మా," అన్నాను. ఫోన్ పెట్టేశాను. నా పిల్లకైనా చెప్పుకోవాలనిపించింది. ఏమని మొదలుపెట్టను?

ఒక రోజు షాపులో భోజనం వేళ డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఇంటి పరీక్షల కాగితాన్ని నేను పెద్దగా నమ్మను. పడేవాటిని కూడా పడవంటాయి. మీ ఒంటినే అడగాలి. ఎప్పుడైనా గొంతు వాచడం, ఊపిరాడకపోవడం ఉందా?" లేదన్నాను. "అయితే ఒక్కొక్కటే మళ్ళీ తినండి. రెండు మూడు రోజులు ఆగి చూసి, ఆ తర్వాత ఇంకోటి," అంది.

గుడ్డు తిన్నాను, ఏమీ కాలేదు. పాలు తాగాను, కాస్త గుడగుడలాడి ఊరుకుంది. ఆఖర్న ఒక బ్రెడ్డు పొట్లం కొని, షాపు వెనక గదిలో ఖాళీ ఫ్రేముల పెట్టెల మధ్య స్టూలు వేసుకుని దొంగలా తిన్నాను. ఆ రోజంతా బాగానే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం అదే గదిలో ఉండగా వచ్చింది. ముందు కడుపు బిగుసుకుంది, తర్వాత మోచేతుల్లో మంట మొదలైంది. కణతల మీద ఆ పాత బరువు దిగింది. పొట్ట పట్టుకుని పెట్టెల మధ్య వంగిపోయి నేను నవ్వుతున్నాను. నిజంగా ఉంది! నేను కల్పించుకోలేదు, టెన్షన్ కాదు, ఆడవాళ్ళకి మామూలేం కాదు. ఇన్నేళ్ళూ నేను చెప్పింది నిజం. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, నవ్వు మాత్రం ఆగదు. ఎవరికైనా చెప్పాలని ఫోన్ తీశాను. పేర్లన్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపాను. జబ్బు ఆయనది, పథ్యం ఆయనది, నయమైంది ఆయనకి. నా నొప్పి నిజమని నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు, చెప్పినా సంతోషపడే మనిషి గుర్తుకు రాలేదు. ఫోన్ మూసేసి, మొహం కడుక్కుని, బయట ఎవరికో టీ కావాలంటే వెళ్ళి పెట్టాను.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం మా ఆయన పెద్ద బ్రెడ్డు, కేకు పెట్టె, పాల ప్యాకెట్లు చంకన పెట్టుకుని హుషారుగా వచ్చారు. "మొన్న ఆఫీసు పార్టీలో మూడు ముక్కలు కేకు లాగించాను. ఇవాళ్టి దాకా చూశాను. ఏమీ కాలేదు! ఉత్త బోగస్." ఫ్రిజ్ మీది కాగితం పీకి ఉండ చుట్టేశారు. "రేపట్నుంచి మామూలు వంటే."

"హమ్మయ్య," అన్నారు అత్తయ్య. "అమ్మాయ్, ముందు నాకు పాలు పోసి టీ పెట్టు. ప్రాణం లేచొస్తుంది."

నా చేతిలో గరిటె ఉంది. పొయ్యిమీంచి అన్నం దించాను, కూర అయిపోవచ్చింది. ఇప్పుడు ఊరుకుంటే రేపు డబ్బా అడుగున రొట్టె మిగులుతుంది, దాన్ని నేను తింటాను, ఎల్లుండి నా తలమీద ఆ బరువు మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. అంత వివరంగా తెలిశాక తినడం నావల్ల కాదు.

"ఆ రక్తం మీది కాదండీ, నాది," అన్నాను.

వేలు గుచ్చిన రోజు నుంచి చెప్పుకొచ్చాను. మా ఆయన నోరెళ్ళబెట్టారు, తర్వాత మొహం కందగడ్డైంది. "ఆఫీసంతా చెప్పుకున్నానే! నన్నింత వెధవని చేస్తావా? నీకు పడకపోతే నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"రెండేళ్ళ కిందట చెప్పానండీ."

"అప్పుడు రిపోర్టు లేదుగా!"

"నేనున్నానుగా," అన్నాను.

ఇప్పుడు నీకెలా ఉంది అని అడుగుతారేమోనని, ఆశ చావక, కాస్త ఆగాను. ఆయన పాల ప్యాకెట్లు బల్లమీద పడేసి అటు తిరిగారు. అత్తయ్య మాత్రం నావంకే చూస్తున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగారు.

"అంటే అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది నీకోసమా?"

కంచం తీసుకున్నాను. వేడివేడి అన్నం పెట్టుకుని, కూర వేసుకుని, వాళ్ళిద్దరూ నిలబడి ఉండగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అవునత్తయ్యా. రేపు కూడా నాకోసమే వెలిగిస్తాను. మీ ఇద్దరికీ ఏం కావాలో మీరు చూసుకోండి."