పలక బిళ్ళ

యోబు ఆదెమ్మ ఇంటి కుళాయి తల విప్పి, వాచరు చూసి, మళ్ళీ బిగించాడు. అందులో లోపం లేదని అతనికి తెలుసు. పైపు వంపు విప్పి ఇనుప తీగ దూర్చాడు. తీగ శుభ్రంగా వచ్చింది. లోపం గోడ మూలన రెండు పైపులను కలిపే యూనియన్‌లో ఉంది. పదకొండేళ్ళ కింద దాన్ని పెట్టింది అతనే.

అప్పుడతను మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రంధ్రాలు వేసేవాడు. సాయంత్రాలు కుళాయి పనులకు వెళ్ళేవాడు. ఆదెమ్మకూ, పక్కింట్లో ఉన్న ఆమె మరిది గోవిందయ్యకూ ఒకటే కనెక్షన్. తన తొట్టి ముందు నిండాలన్నాడు గోవిందయ్య. యోబు పలక ముక్కను రూపాయి బిళ్ళంత కోసి, నడుమ పెన్సిలు మొన పట్టేంత రంధ్రం వేసి, ఆదెమ్మ వైపు పైపులో బిగించాడు.

నీళ్ళు నాలుగు రోజులకోసారి గంటసేపు వస్తాయి. ఆ గంటలో ఆదెమ్మకు మూడు బిందెలు నిండేవి. మిగతావి వీధి చివరి బోరు నుంచి మోసుకొచ్చేది. ఈ వీధిలో పని వస్తే యోబు ఇంకొకరి పేరు చెప్పేవాడు. ఈ రోజు ఆమె అతని ఇంటికే వచ్చింది. బిందె ఎత్తొద్దని డాక్టరు చెప్పాడట.

"ఏంది యోబూ, అంతా విప్పుతుండావు. దొంగ దొరికినాడా?"

"చూస్తుండా పెద్దమ్మా."

యూనియన్ విప్పగానే బిళ్ళ అరచేతిలో పడింది. జేబులో వేసుకునేలోపు ఆమె చెయ్యి చాపింది. ఆమె ముప్పై ఏళ్ళు పలకలు పేర్చి పెట్టెలు కట్టిన మనిషి. బిళ్ళ తీసుకుని బొటనవేలితో అంచు తడిమింది.

"ఇది కొట్టుకొచ్చింది కాదు. మిషన్ మీద వేసిన బొక్క. చెయ్యి తిరిగినోడే, యాడా చిట్లలేదు. ఎవరు పెట్టింటారు నాయనా?"

యోబు పైపు మరలకు టేపు చుట్టాడు. అవసరానికి మించి చుట్టాడు.

"తెలీదు పెద్దమ్మా."

"తెలిస్తే చెప్పు. వాన్ని తిట్టను. ఎందుకట్ల చేసినాడో అడుగుతా, అంతే." ఆమె టీ పెట్టి ఇచ్చింది. "బేస్తవారం నీళ్ళొస్తాయి. నువ్వూ రా, చూద్దాం."

గురువారం పొద్దున యోబు చెప్పేద్దామని బయలుదేరాడు. చెప్పవలసిన మాట దారిలో రెండుసార్లు పైకి అనుకున్నాడు. ఆదెమ్మ ఇంటి ముందు కుర్చీలు వేస్తున్నారు. అరుగు మీద గోవిందయ్య అతన్ని చూసి తల తిప్పుకున్నాడు.

"పాలామె తలుపు కొడితే లేవలేదంట," అన్నారెవరో. "నిద్దట్లోనే పోయింది."

ఏడింటికి నీళ్ళు వచ్చాయి. ఆమె చివరి స్నానానికని కుళాయి కింద పెట్టిన బిందె రెండు నిమిషాల్లో నిండి పొర్లింది. ఎవరూ రాకపోతే యోబే వంగి కట్టేశాడు. తలెత్తితే వంటింటి కిటికీ కనిపించింది.

బిళ్ళ రంధ్రంలోకి ఎర్ర దారం ఎక్కించి, ఆమె దాన్ని కిటికీ చువ్వకు కట్టి ఉంచింది.