మూడో మలుపులో మామగారు

చనిపోయిన మామగారు తన వ్యాన్‌ను వదిలిపెట్టలేదన్నది వీధి వీధంతా నమ్మిన సంగతి. అల్లుడు నడిపితే కొండదారి మూడో మలుపులో బండి మొరాయిస్తుంది. అతడు ఇంజన్ ఆపి, అద్దం కింది ఫొటోకు దండం పెట్టి, "తప్పయింది మామయ్యా" అని మళ్ళీ స్టార్ట్ చేస్తే చాలు, గుర్రంలా ఎక్కేస్తుంది. బతికుండగా అల్లుణ్ణి ఏనాడూ మెచ్చని ఆ పెద్దమనిషి, పోయాక రోజుకో క్షమాపణ పుచ్చుకుంటున్నారు.

అల్లుడిది బేకరీ. కొండమీది హాస్టల్‌కు పొద్దున్నే రొట్టెలు చేరాలి. వ్యాన్ లేకపోతే బేకరీ మూతే. అత్తగారు మాత్రం తేల్చేశారు.

"ఆయనకి నువ్వంటే గిట్టదు నాయనా. ఆదివారం బండి మా తమ్ముడికి ఇచ్చేస్తాను."

"ఒక్కసారి కొలిచి చూద్దాం అత్తయ్యా."

"దేన్ని? ఆయన కోపాన్నా?"

దాదాపు అదే. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసేది టర్బో. ఆ ఒత్తిడిని చూపే మీటరొకటి తెచ్చి, మామగారి ఫొటో పక్కనే బిగించాడు. అత్తగారిని ముందు సీట్లో, భార్యను వెనక రొట్టెల ట్రేల మధ్య కూర్చోబెట్టి బయలుదేరాడు.

మూడో మలుపులో ముల్లు ఎర్రగీత దాటి ఎగిరి, మరుక్షణం చతికిలబడింది. బండి నత్తనడక పట్టింది.

"అదుగో, వచ్చేశారు!" అన్నారు అత్తగారు, కొంగు సర్దుకుంటూ.

అల్లుడు పక్కకు ఆపాడు, ఇంజన్ మాత్రం ఆపలేదు. "తప్పయింది మామయ్యా. కావాలంటే రెండు తప్పులయ్యాయి" అని దండం పెట్టి కదిలించాడు. అదే నత్తనడక. మళ్ళీ ఆపి, ఈసారి నోరు మెదపకుండా తాళం తిప్పి ఇంజన్ ఆపి, స్టార్ట్ చేశాడు. వ్యాన్ దూసుకుపోయింది.

"దండమేదీ?" అత్తగారు నిలదీశారు.

"పెట్టలేదు. ఆయనా పట్టించుకోలేదు."

"నాన్న పట్టించుకోకపోవడమా! టీవీ రిమోట్ కూడా వదిలేవారు కాదు" అంది వెనకనుంచి భార్య.

"మరి ఆయన నడిపినప్పుడు ఎప్పుడైనా మొరాయించిందా?" అన్నారు అత్తగారు.

"మామయ్య ఆ మలుపులో ఆగేవారా, అత్తయ్యా?"

"సిగరెట్టుకి ఆగేవారు. ఎప్పుడూ అక్కడే."

"ఇంజన్ ఆపేసి?"

"ఆపకుండా ఎలా? డీజిల్ దండగ కదూ!" అన్నారు ఆవిడ.

హాస్టల్ దగ్గర రొట్టెలు దించి, అల్లుడు బానెట్ ఎత్తాడు. టర్బో పక్కనుంచి వేలెడు రబ్బరు గొట్టం పీకి బోర్లించి తట్టాడు. అరచేతిలో మెరిసే స్క్రూ ఒకటి పడింది.

"ఇది నా కుట్టుమిషన్‌ది!" అత్తగారి గొంతు లేచింది. కూతురివైపు తిరిగారు. "నువ్వే పారేశావని ఇన్నేళ్ళూ నిన్ను సాధించాను కదే!"

"నాన్నని అడగమని అప్పుడే మొత్తుకున్నాను" అంది కూతురు.

ఆవిడ ఫొటోవంక ఒక చూపు చూసి, స్క్రూను కొంగున ముడి వేసుకున్నారు. "మా తమ్ముణ్ణి రావద్దని చెప్పు. బండి నీ దగ్గరే ఉండనీ నాయనా."

బండికి బలం పెరుగుతుందని ఆ స్క్రూ దూర్చింది మామగారే. ఒత్తిడి చాలినంత కాగానే టర్బోను అదుపు చేసే గొట్టం దానితో మూసుకుపోయింది. మూడో మలుపు ముందరి నిటారు ఎత్తులో ఒత్తిడి హద్దు మీరగానే బండిలోని కంప్యూటర్ ఇంజన్ బలాన్ని తగ్గించేసేది, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే తిరిగి ఇచ్చేది.