ఊరి వరస

ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో ఖాళీ అయింది ఒక్క పోస్టు. చివరికి మిగిలింది ఇద్దరు: జమ్మలమడుగులో పదకొండేళ్లుగా గెస్టు లెక్చరరుగా నెట్టుకొస్తున్న ప్రసూన, వల్లూరు నుంచి వచ్చిన రఘురామ్. డెమో క్లాసుకు విషయం కరస్పాండెంటు ఓబుళరెడ్డే ఎంచాడు. బాస్కు, గ్రీకు భాషల పోలిక.

ఆయనకు వాటి మీదకు మనసెందుకు పోయిందో కాలేజీలో అందరికీ తెలుసు. బాస్కు మన తెలుగుకు తప్పిపోయిన తోబుట్టువని ఎవరో ఆయన ఫోనుకు పంపారు. ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకోక, కాలేజీ వార్షిక సంచికకు వ్యాసం రాయడం మొదలుపెట్టాడు.

డెమో రోజు పొద్దున అటెండరు జమాల్ ప్రసూనకు టీ ఇస్తూ గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఆయప్పకు ఒక్క మాట చాలు. బాస్కోళ్లు మనోళ్లే అనండి, పోస్టు మీదే. రఘురామ్ సారు నిన్ననే నన్నడిగి తెలుసుకొని పోయినాడు."

తెలుసుకొని పోయినవాడు ఊరికే ఉండడు గదా. రఘురామ్ గ్రీకును రెండు ముక్కల్లో ముగించి, మిగతా పావుగంటా బాస్కును తెలుగు ఒళ్లో కూర్చోబెట్టాడు. ఓబుళరెడ్డి తానే ముందు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక పిల్లలు కొట్టారు.

ప్రసూన లేచి బోర్డు మీద రెండు ఇళ్లు గీసింది. ఆమె పుట్టింది పెద్దముడియం పక్క పల్లెలో. అక్కడ బస్సు దిగిన కొత్తమనిషిని మొదట అడిగేది పేరు కాదు, ఎవరింటోళ్లు అని. ఆమె పాఠం అక్కణ్నుంచే ఎత్తుకుంది.

"ఈ మొదటిల్లు గ్రీకు. పెద్ద వంశం. సంస్కృతం, లాటిను, ఇంగ్లీషు అన్నీ దాయాదులే. మనం సంస్కృతంలో త్రి అంటే వాళ్లు త్రియా అంటారు. మూడువేల ఏళ్లకు ముందు రాసిన రాత కూడా దొరికింది. ఈ రెండోది బాస్కు. స్పెయిను, ఫ్రాన్సు నడుమ కొండల్లో ఉంది. అచ్చయిన మొదటి పుస్తకానికి ఇంకా ఐదువందల ఏళ్లు నిండలేదు. చుట్టూ ఊరంతా లాటిను పిల్లలు స్పానిషు, ఫ్రెంచిలదైపోయినా ఈ ఇల్లు మాత్రం నిలబడింది. దీనికి బతికున్న చుట్టాలు ఎవరో ఇంతవరకు తేలలేదు."

"ఆగమ్మా," అన్నాడు ఓబుళరెడ్డి. "చుట్టాలు లేని ఇల్లు యాడన్నా ఉంటాదా? ఇచారించినోళ్లు సరిగ్గా ఇచారించుండరు."

పిల్లలు నవ్వారు.

"వందేళ్లకు పైగా విచారిస్తానే ఉండారు సార్."

"మరి వాళ్లకూ ఇంటిపేర్లు ఇంటిని బట్టే వచ్చినాయంట గదా? కొత్తిల్లు అని ఒక ఇంటిపేరే ఉందంట. ఇంట్లో, ఇంటికి అని మనం ఎనక తగిలించినట్టే వాళ్లూ తగిలిస్తారంట. గ్రీకోళ్లు ముందర పెడ్తారంట. నిజమా, అబద్ధమా?"

"అన్నీ నిజమే సార్."

"అయితే మనోళ్లే గదా! చెప్పు మరి."

రఘురామ్ కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. ఆ ఒక్క 'అవును' ఎంత దూరంలో ఉందో ప్రసూనకు తెలుసు. పదకొండేళ్లుగా ప్రతి జూన్‌లోనూ మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటున్న మనిషి ఆమె. సరిగ్గా అప్పుడే జమాల్ టీ ట్రేతో లోపలికొచ్చాడు.

"మామా, నీది చక్కెర లేంది," అంటూ గ్లాసు ఓబుళరెడ్డి ముందు పెట్టాడు.

ప్రసూన చాక్‌పీసు కింద పెట్టింది.

"సార్, జమాల్ మిమ్మల్ని మామా అంటాడు. ఇద్దరూ ఒకే వీధి, ఒకే మాట, ఒకే నవ్వు. కొత్తోడు చూస్తే మేనమామా మేనల్లుడూ అనుకుంటాడు. కానీ మీ రేషను కార్డులో ఆయన పేరుందా?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చి, ఓబుళరెడ్డి మొహం చూసి సగంలో ఆగిపోయింది. ఆయన జమాల్ వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఎప్పట్నుంచి పిలుస్తాండావు నన్ను మామా అని?"

"మా యమ్మ నిన్ను అన్నా అనేది గదా మామా, అప్పట్నుంచి."

"మరి నువ్వు నాకు చుట్టమా, కాదా?"

జమాల్ ట్రే చంకలో పెట్టుకొని ఆలోచించాడు. "పెండ్లికి అందరికంటే ముందు పిలిచేంత చుట్టం. చేన్లో భాగం అడిగేంత కాదు."

"అంతే సార్," అంది ప్రసూన. "పోలికలు ఊరి వరస. రక్తసంబంధానికి రుజువు కావాల. బాస్కుకూ మనకూ అది దొరకలేదు."

ఓబుళరెడ్డి టీ తాగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నాలుగో రోజు కబురొచ్చింది. ప్రొద్దుటూరు పోస్టు రఘురామ్‌కు. ప్రసూనను ఒకసారి వచ్చి కలవమన్నారు.

"మీరు చెప్పిందాంట్లో తప్పు లేదని నాకూ తెలుసమ్మా," అన్నాడు ఓబుళరెడ్డి, కాగితాల్లో తల పెట్టి. "కానీ ఈడ దినామూ మీ మొగం చూస్తే నా వ్యాసం గుర్తొస్తాది. పులివెందులలో కొత్త బ్రాంచి తెరుస్తాండాం. ఆడ పిల్లోళ్లు శానా మొండోళ్లు. కాదన్నదాన్ని కాదనే చెప్పేటోళ్లు కావాల ఆడికి. పర్మినెంటే. పోతారా?"

"పోతాను సార్."

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు ఆమె బస్సు ప్రయాణం అలా మొదలైంది. రెండు నెలలకు జమాల్ వార్షిక సంచిక పంపించాడు. బస్సెక్కి, నిలబడే తెరిచి చూసింది. ఓబుళరెడ్డి వ్యాసం మొదటి పేజీలోనే ఉంది. బాస్కు గొప్పలన్నీ అట్లే ఉన్నాయి. గ్రీకుకు ఈసారీ రెండు ముక్కలే దక్కాయి. శీర్షిక మాత్రం మారింది: 'బాస్కు, ఊరి వరసకు మన తమ్ముడు'. ప్రసూన పేరు ఎక్కడా లేదు.

సీట్లో కూర్చున్న పెద్దావిడ తలెత్తి చూసింది.

"ఎవరింటోళ్లమ్మా నువ్వు?"

ప్రసూన ఇంటిపేరు చెప్పింది, ఊరు చెప్పింది. పెద్దావిడ వేళ్ల మీద ఏవో పెళ్లిళ్లు, ఏవో ఊళ్లు లెక్కేసుకుంది. రెండుచోట్ల లెక్క తప్పింది. అది ప్రసూనకు తెలుస్తూనే ఉంది.

"అయితే నువ్వు నాకు చెల్లెలవుతావు. ఈశ్వరమ్మక్క అను," అని పక్క సీట్లోని సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సరే అక్కా," అని ప్రసూన పక్కన కూర్చుంది.