బొంగురన్న తమ్ముడు

చిట్టక్క తమ్ముడికి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేది. మొహం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి వాడు అవస్థ పడుతుంటే ఎదుటివాళ్ళు జాలిపడి ఆ మాటేదో తామే పూర్తి చేసేసేవాళ్ళు. వాడికి ఒళ్ళు మండేది అక్కడే. ఒకసారి కొట్టుకెళ్ళి "బ... బ..." అంటుంటే కొట్టాయన గబుక్కున బ్రెడ్డు తీసి చేతిలో పెట్టాడు. వాడికి కావలసింది బ్యాటరీలు. కాదని చెప్పడం ఇంకా పెద్ద పని కాబట్టి నోరు మూసుకుని బ్రెడ్డు తెచ్చుకున్నాడు.

అలాంటివాడు పాడితే మాత్రం ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. అదెలాగో డాక్టరు ఏదో వివరం చెప్పాడు గానీ ఇంట్లో ఎవరికీ బుర్రకెక్కలేదు. బుర్రకెక్కకపోయినా పనికొస్తుందని మాత్రం తెలిసిపోయింది.

పనికొచ్చేలా చేసింది 'పక్కింటివాళ్ళు' అనే బ్యాండు. అప్పటికి వాళ్ళు చిన్నచిన్న హాళ్ళలో పాడుకునే నలుగురు మనుషులు. వాళ్ళ పాటలు పాటల్లా ఉండవు, ఎవరో వసారాలో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంటాయి. బస్సు తప్పిపోయింది నడిచొస్తున్నా, గొడుగు నీ దగ్గరే ఉంచుకో, అలాంటి మాటలు. పాడే అతని గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది కాబట్టి అభిమానులు అతన్ని బొంగురన్న అనేవాళ్ళు. తమ్ముడు వాళ్ళ మాటలు తీసేసి, ఆ వరసల్లో తన మాటలు పెట్టుకునేవాడు. స్నానాల గదిలోంచి "అక్కా, సబ్బు అయిపోయిందే, తువ్వాలు కూడా మర్చిపోయానే" అని పాడుతుంటే వంటింట్లో అమ్మ నవ్వాపుకోలేక తిట్టేది. పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి కొట్లో సామాన్లడగడం దగ్గర్నించి కరెంటాఫీసువాడితో పోట్లాడటం దాకా అంతా ఆ వరసల మీదే. ఎదుటివాళ్ళు వింతగా చూసేవాళ్ళు. చూస్తే చూశారు, మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు. వాడికి కావలసింది అంతే.

"ఆయన గొంతు కూడా నాలాగే ఎక్కడో ఇరుక్కుని బయటికొస్తుందే" అని ఓసారి అక్కతో పాడాడు.

చిట్టక్క పనిచేసేది కళ్ళద్దాల షాపులో. అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం ఆమె పని. తమ్ముడికి ఉబ్బసం కూడా ఉండేది. ఆ సాయంత్రం షాపులో జనం ఉన్నారు. ఫోను మోగింది. తమ్ముడే. బ్యాండువాళ్ళ గంతులేసే పాటొకటి ఉంది, ఆ వరసలో ముక్కలు ముక్కలుగా పాడుతున్నాడు. "అక్కా రావే... ఊపిరి రాదే... మందు డబ్బా ఖాళీయే..." అంతకుముందు వారం ఇదే వరసలో బిస్కెట్లు తెమ్మని పాడాడు వాడు. మధ్యలో ఆగడం కూడా వేషమే అనుకుంది. చేతిలో అద్దం, ఎదురుగా తొందరపడుతున్న పెద్దాయన. నవ్వేసి, "బాగుందిరా, పాడు పాడు. షాపు మూయగానే వస్తా" అని పెట్టేసింది.

వాడు పాడింది ఆమె చెవిలో ఉండిపోయింది. అర్థం తెలిసింది మాత్రం లాండ్రీ నుంచి అమ్మ ఇంటికొచ్చి తలుపు తీశాకే.

అమ్మ హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పనిచేస్తుంది. కొడుకు నిద్రలోనే, ఎవర్నీ పిలిచే వ్యవధి లేకుండా పోయాడని ఆమె నమ్మింది. వచ్చినవాళ్ళందరితో అదే చెప్పి, అదే చెప్పుకుని కాస్త నిలదొక్కుకుంది. ఆ నమ్మకాన్ని కదపడానికి చిట్టక్కకి నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపులు గడిచిపోయాయి.

ఏడాది తిరిగాక పక్కింటివాళ్ళ బ్యాండు వీళ్ళ ఊరి హాల్లో పాడటానికి వచ్చింది. చిట్టక్క ఒక్కతే వెళ్ళింది. వెళ్ళకపోతే తమ్ముడికి కోపం వస్తుందన్నట్టు వెళ్ళింది. పాటలు అయిపోయాక వెనకవైపు గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ళు సామాన్లు వ్యానులో సర్దుకుంటున్నారు. బొంగురన్న మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. కీబోర్డు వాయించే ఆమె పక్కనే వైర్లు చుట్టుకుంటోంది.

"మీ పాటల వల్ల మా తమ్ముడు మాట్లాడేవాడండీ" అని మొదలుపెట్టింది చిట్టక్క. అక్కడితో ఆపుదామనుకుంది. కానీ అతను సీసా పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. అలా ఎవరూ వినలేదు ఆమె మాట. నత్తి, బ్రెడ్డు, సబ్బు పాట, అన్నీ చెప్పింది. చివరికి ఫోను సంగతి కూడా చెప్పేసింది. "నేను నవ్వానండీ" అంది. "పాడు పాడు అన్నాను."

బొంగురన్న ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "చెల్లెమ్మా, ఇది నా దగ్గరే ఉంటుంది. ఎవరికీ చెప్పను" అన్నాడు.

ఆ మాటతో ఇంటికి నడిచొస్తుంటే చాలాకాలం తర్వాత ఒళ్ళు తేలికగా అనిపించింది. ఎక్కడో ఒక మనిషికి తెలుసు. అదీ, తమ్ముడు ఎవరి గొంతు అరువు తెచ్చుకున్నాడో ఆ మనిషికే.

తర్వాత వాళ్ళ కొత్త పాట వచ్చింది. షాపులో రేడియో మోగుతుంటే అద్దం అరగదీస్తూ వింది. "బాగుందిరా, పాడు పాడు" అంటోంది రేడియో. మిషను మీద అద్దం పగిలింది. యజమాని ఏమైందమ్మా అంటూ పరిగెత్తుకొచ్చాడు. వేలు చూసుకుంటే తెగలేదు. పాటలో కూడా అవతలివాళ్ళు నవ్వి ఫోను పెట్టేస్తారు.

మొదట కోపం రాలేదామెకి. చెప్పనని చెప్పలేదా అనుకుంది గానీ, పేరేమీ పెట్టలేదు కదా, పాటగాడు దుఃఖం దాచుకోవడమంటే పాట కట్టుకోవడమేనేమో అని తనే సర్దిచెప్పుకుంది. పైగా ఎంత బాగా కట్టాడు. ఊరంతా అదే పాట. బస్సుల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళిళ్ళలో కూడా వేసుకున్నారు. పక్కింటివాళ్ళు ఒక్కసారిగా పెద్దవాళ్ళయిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. చిట్టక్క వెనక బల్ల దగ్గర అద్దాల ఫ్రేము మరమ్మతు చేస్తోంది. టీవీలో బొంగురన్న. ఈ పాట ఎలా పుట్టిందని అడుగుతున్నారు.

"మా తమ్ముడికి నత్తి" అన్నాడతను. "నన్ను చిట్టన్నా అని పిలిచేవాడు."

చిట్టక్క చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

అతను చెబుతున్నాడు. కొట్లో బ్రెడ్డు, సబ్బు పాట. ఆఖరికి ఫోను. "నేను నవ్వాను. పాడు పాడు అన్నాను" అంటూ ఆగి, తల వంచుకున్నాడు. ప్రశ్నలడిగే అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

అమ్మ కూడా ఏడుస్తోంది. "చూశావే" అంది వెనక్కి తిరక్కుండానే. "వాళ్ళింట్లో కూడా మనవాడి లాంటివాడే. అచ్చం అలాగే, సబ్బు పాటతో సహా. నత్తి ఉన్న పిల్లలంతా ఇంతే కాబోలు. పాపం, ఆ అబ్బాయి ఎలా మోస్తున్నాడో. వాడి తప్పేముంది? పాడితే ఆట అనుకున్నాడు. ఎవరైనా అంతే అనుకుంటారు. ఎదురుగా ఉంటే తల నిమిరి చెబుదును, నీ తప్పు లేదు నాయనా అని."

చిట్టక్క లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట కోసమే అమ్మ మొహం చూస్తూ తిరిగింది. అమ్మ ఆ మాట అననే అంది, కానీ టీవీలో వాడితో అంది.

వారం గడిచింది. తమ్ముడు పోయాక తను చేరిన బ్యాండు అభిమానుల గుంపులో బాగా చనువున్న నర్సు ఒకామె ఉంటే, ఆమెతో చెప్పింది. ఆ కథ నాది, చనిపోయింది మా తమ్ముడు అని. "అందరూ అలాగే అంటున్నారు చిట్టక్కా. ఆ పాట వింటే ఎవరికైనా తమ కథే అనిపిస్తుంది. ఆయన గొప్పతనమే అది" అంది నర్సు ప్రేమగా.

ఆ నెలాఖర్లోనే బ్యాండు మళ్ళీ ఆ ఊరొచ్చింది. ఈసారి పెద్ద మైదానంలో. చిట్టక్క షాపుకి సెలవు పెట్టి, పగలే, వాళ్ళు మైకులు సరిచూసుకునే వేళకి వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. ఎంతసేపు బతిమాలినా ఫలితం లేకపోయింది. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా లోపలికి వెళ్తున్న కారు ఆగింది. కీబోర్డు వాయించే ఆమె దిగింది. చిట్టక్కని చూసి ఆమె మొహం పాలిపోయింది.

"రండి" అంది, అంతే.

బొంగురన్న స్టేజీ వెనక గదిలో అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు నటిస్తాడేమోనని చిట్టక్క దారంతా భయపడింది, ఆ పని చెయ్యలేదు. లేచి కుర్చీ వేశాడు.

"చిట్టన్న ఎవరండీ?" అనడిగింది నిలబడే.

అతను తల దించుకున్నాడు. "నీ పేరు బయటికి రాకూడదనే, చెల్లెమ్మా. మొదట ఒక్కచోట అలా చెప్పాను. నీ కథ కాపాడదామనే."

"తర్వాత?"

"తర్వాత అందరూ అదే అడగడం మొదలుపెట్టారు. చెప్పగా చెప్పగా..." అతని బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. "ఒట్టేసి చెబుతున్నా, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే వాడు కనిపిస్తున్నాడు నాకు. నాకు తమ్ముళ్ళెవరూ లేరు. అయినా కనిపిస్తున్నాడు."

"ఎలా ఉంటాడు?"

అతను అద్దం వైపు తిరిగాడు.

"చెప్పండి. పొడుగా, పొట్టా? జుట్టు ఎలా ఉంటుంది?"

"చెల్లెమ్మా, ఈ పాట విని ఎంతమంది తమ ఇళ్ళలో నత్తి ఉన్న పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారో తెలుసా? ఇప్పుడు నేను అబద్ధం చెప్పానంటే వాళ్ళందరి నమ్మకం ఏమవుతుంది? నువ్వే చెప్పు."

"మా అమ్మ మీ కోసం ఏడ్చిందండీ" అంది చిట్టక్క. గొంతు పెంచకూడదనుకుంది, పెరిగిపోయింది. "నీ తప్పు లేదు నాయనా అంది, మీతో. నేను వెనకే కూర్చుని ఉన్నాను. నాతో అనాల్సిన మాట అది. ఇప్పుడు నేను వెళ్ళి ఏమని అడగను?"

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మళ్ళీ ఏడుస్తున్నాడు. మెట్టు మీద ఏడ్చినట్టే ఉంది. ఆ ఏడుపు ఆరోజు ఎంత నిజమో ఈరోజూ అంతే నిజమని ఆమెకి తెలిసిపోయింది. దాంతో గుమ్మం వైపు నడిచింది.

గేటు దాకా కీబోర్డు వాయించే ఆమె తోడు వచ్చింది. "ఆ రోజు నేను అన్నీ విన్నాను" అంది నడుస్తూ. "టీవీలో చూసినప్పుడు అడిగాను కూడా. పోట్లాడాను."

"అయితే బయట చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు."

మైదానంలో ఎవరో డప్పు సరిచూస్తున్నారు. "చెప్పలేనమ్మా. మా బతుకులన్నీ ఆ గొంతు మీదే ఉన్నాయి" అంది ఆమె. రాత్రి ముందు వరసలో కూర్చోమని టికెట్లు ఇవ్వబోయింది. చిట్టక్క తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ లాండ్రీ నుంచి వచ్చి, కాళ్ళు వేన్నీళ్ళ బేసిన్లో పెట్టుకుని కూర్చుంది. చిట్టక్క చెప్పులు కూడా విడవకుండా అంతా చెప్పేసింది. ఆపితే మళ్ళీ చెప్పలేనేమోనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

అమ్మ అరవలేదు. నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. తల నిమురుతుందేమో అని చిట్టక్క ఆమె చేతుల వైపే చూసింది. ఆ చేతులు మోకాళ్ళ మీంచి కదల్లేదు.

"వాడు నిద్రలో పోలేదన్నమాట" అంది అమ్మ.

"లేదమ్మా."

"ఆ పాటలవాడికి ఎప్పుడు చెప్పావు?"

"ఏడాది తర్వాత."

"వాడికి చెప్పావు. ముక్కూ మొహం తెలియనివాడికి. పక్క గదిలో పడుకునే నాకు చెప్పలేదు."

"నీకు చెబితే..."

"నా కొడుకు సంగతి నేను టీవీలో విన్నానే. పక్కవాళ్ళింటి సంగతి అనుకుని విన్నాను." అమ్మ కాళ్ళు తీసి తుడుచుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో మాటల్లేవు. అమ్మ అన్నం పెట్టేది, డబ్బా సర్దేది, తాళం గూట్లో ఉంచేది. 'నీ తప్పు లేదు' అన్న మాట రాలేదు. వస్తుందని చిట్టక్క ఎదురుచూడటం కూడా మానేసింది. పాట వినిపించే సందులు తప్పించుకుని షాపుకి చుట్టుదారిలో వెళ్ళడం అలవాటు చేసుకుంది. బొంగురన్న మీద కోపం కంటే, వాడి ముందు నోరు విప్పిన తన మీద తనకి ఎక్కువ మంటగా ఉండేది. తమ్ముడు నమ్మిన గొంతుని తనూ నమ్మింది. గొంతుని నమ్మితే మనిషిని నమ్మినట్టేననుకుంది.

ఒక సాయంత్రం అమ్మ మామూలుకంటే ముందే వచ్చేసింది. కొంగు నడుముకి దోపుకునే ఉంది, లాండ్రీలోంచి అలాగే నడిచొచ్చినట్టుంది. గుమ్మంలోనే కూలబడింది.

"ఏమైందమ్మా?"

"రేడియోలో ఆ పాట వచ్చిందే. అందరూ ఇస్త్రీపెట్టెలు ఆపి వింటున్నారు. పాపం బొంగురన్న తమ్ముడు, పాపం బొంగురన్న తమ్ముడు అంటున్నారు. నాకు ఒళ్ళు తెలియలేదు. వాడు బొంగురన్న తమ్ముడు కాదు, నా కొడుకు అని అరిచాను."

చిట్టక్క ఆమె పక్కన కూర్చుంది.

"ఎవరూ నమ్మలేదు" అంది అమ్మ. "మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. కొడుకు పోయినప్పటి నుంచీ ఈమెకి ఇలా అయిందని గుసగుసలాడుకున్నారు. మేస్త్రీ ఆటో ఎక్కిస్తానన్నాడు. నేనే నడిచొచ్చాను."

"నన్ను కూడా నమ్మలేదమ్మా."

అమ్మ కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. ఇన్ని రోజుల్లో అలా చూడటం అదే మొదటిసారి.

"నాకింకా కోపం పోలేదు" అంది. "పోతుందో లేదో కూడా తెలియదు. కానీ ఆ రోజు ఫోన్లో వాడేమన్నాడో మొత్తం నాకు కావాలి. వాడెవడో పాటలో పెట్టింది కాదు. నువ్వు విన్నది."

చిట్టక్క చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. అమ్మ తొందరపెట్టలేదు, మాట అందించలేదు, పూర్తయ్యేదాకా వింది.