పడటం నేర్చిన గుర్రం

షూటింగులో రెండో టేకు అవగానే, గుర్రాలకి పని నేర్పే పెద్దాయన చుక్క ముందు కూర్చుని, దాని ఎడమ కాలు తడిమి చూశాడు. గిట్ట పైన కీలు దగ్గర వేడి తగిలింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

నుదుటి మీద తెల్లమచ్చ ఉందని దానికి చుక్క అని పేరు. సినిమాల్లో బాణం తగిలినట్టు పడటం దాని పని. పరుగులో ఉండగా కళ్లెం ఒక్కసారి ఎడమవైపుకి గుంజితే చాలు, భుజం మీదకి ఒరిగిపోతుంది. పడ్డాక పెద్దాయన "లే తల్లీ" అనేదాకా చెవి కూడా కదపదు. అంత చక్కగా నేర్పడానికి ఆయనకి నాలుగేళ్లు పట్టింది.

"ఏంటి మావయ్యా, దాని కాళ్లకి దండం పెడుతున్నావా?" అన్నాడు అల్లుడు. చుక్క మీద స్వారీ చేసే స్టంట్ మనిషి అతనే.

"నువ్వు పెట్టాలిరా. నిన్ను మోసేది అది."

"అందుకే చెప్తున్నా. పరుగులో ఎడం కాలు తడబడుతోంది."

పెద్దాయన నోరు విప్పేలోపే డైరెక్టర్ వచ్చాడు. "బాగా పడింది గానీ దుమ్ము లేవలేదు. ఇంకొక్కటి చేసేద్దాం."

"కాలు వేడెక్కింది సార్. రేపు చేద్దామా?"

"రేపటికి సెట్ పీకేస్తారు. పోనీ, దీన్ని వదిలెయ్. ఆ గోధుమరంగు గుర్రాన్ని తీసుకురా. దానికి పడటం రాకపోతే ఏం? కాళ్లకి తీగ కట్టి లాగుతారు మావాళ్లు."

తీగ మాట వినగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. తండ్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, పరుగెత్తే గుర్రాన్ని అలా లాగితే మెడ విరిగిన చప్పుడు విన్నాడు. మళ్లీ వినకూడదనే చుక్కకి పడటం నేర్పాడు. నా గుర్రం ఇష్టంగా పడుతుందని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. గోధుమరంగు దానికి నిండా మూడేళ్లు లేవు.

"చుక్కే చేస్తుంది సార్. కాలికేం లేదు, ఎండ వేడి."

అల్లుడు ఏదో అనబోయాడు. పెద్దాయన అతని వైపు చూడలేదు.

మూడోసారి చుక్క దూసుకొచ్చింది. కళ్లెం బిగిసింది. అది పడింది. దుమ్ము గుప్పున లేచింది. ఆ దుమ్ములోంచి, ఎండిన కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు.

కట్ అనేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. డైరెక్టర్ అనలేదు. కెమెరా మెల్లగా చుక్క మొహం మీదకి వెళ్లింది. నేర్పినట్టే అది కదలకుండా పడుకుంది. పొట్ట మీద చర్మం మాత్రం వణుకుతోంది.

"కట్!"

"మావయ్యా, లే అనకు!" దుమ్ములో పడి ఉన్న అల్లుడు అరిచాడు.

కానీ కట్ వినగానే లే అనడం ఏళ్ల అలవాటు. "లే తల్లీ!" మాట అప్పటికే పెద్దాయన నోరు దాటేసింది.

చుక్క లేవబోయింది. విరిగిన కాలు కింద మడతపడింది. మళ్లీ లేవబోయింది.

ఆయన పరుగెత్తుకెళ్లి కళ్లెం పట్టుకుని మెత్తగా ఎడమవైపుకి లాగాడు. చుక్క బుద్ధిగా పడుకుంది.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. "బతికించలేం. దీని కాలు ముందే నొప్పిగా ఉందా?"

"ఉందమ్మా. తెలుసు. తెలిసే పంపాను. ఇష్టంగా పడుతుందనుకున్నాను. కాదు. కాదనడం నేను నేర్పలేదు."

ఆమె సూది వేస్తుంటే, అవతల మానిటర్ దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆ కళ్లు చూడండి, నిజంగా చచ్చిపోతున్నట్టే ఉంది!"

పెద్దాయన తను తెచ్చిన మిగతా మూడు గుర్రాల జీనులూ విప్పేశాడు. "షూటింగ్ ఆపేస్తావా? నీకిక ఎక్కడా పని దొరకదు!" అని డైరెక్టర్ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

వ్యాను దగ్గర గుర్రాలు ఆగిపోయాయి. ఎప్పుడూ చుక్కే ముందు ఎక్కేది. దాని వెనకే ఇవి ఎక్కేవి. అల్లుడు అదిలించాడు, బతిమాలాడు. ఒక్కటీ కదల్లేదు.

చివరికి పెద్దాయనే వాలుగా వేసిన చెక్కపలక మీదుగా వ్యాను ఎక్కి, చుక్క నిలబడే మూలలో నిలబడ్డాడు. కాసేపటికి గోధుమరంగుది ఆయన్ని చూసి, మెల్లగా కాలు పైకి వేసింది.