నిమ్‌పురాలో ఒక గది

పెద్ద డేగిసాలో ఎసరు మరుగుతోంది. దోర్కా కత్తిపీట ముందు కూర్చుని పొట్లకాయలు తరుగుతూ, మధ్యమధ్య తలెత్తి ఆవిరి ఎంత లేస్తోందో చూస్తోంది. రైళ్ళు నడిపి వచ్చిన డ్రైవర్లూ గార్డులూ మళ్ళీ బండెక్కేదాకా తిని పడుకునే రన్నింగ్ రూమ్‌లో వంటిల్లు అది. ఖరగ్‌పూర్ స్టేషనుకు కాస్త ఎడంగా ఉంటుంది. పక్క హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు కాబట్టి ఈ వంటింట్లో అందరూ గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. దోర్కా గొంతు ఇంట్లో కూడా అలాగే ఉండిపోయింది.

పొట్టి మనిషి. యాభై దాటాయి. మణికట్లు మగవాళ్ళవిలా వెడల్పుగా ఉంటాయి. కుడి మోచేతి కింద గంజి ఒలికి కాలిన మచ్చ నున్నగా మెరుస్తుంది. తలకు వంట కాంట్రాక్టరు ఇచ్చిన నీలం గుడ్డ కట్టుకుని, కుచ్చెళ్ళు పైకి దోపుకుని కూర్చుంటే, ఆ వంటిల్లు కట్టినప్పుడే ఆమెనీ అక్కడ పెట్టారేమో అనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం బండికి అన్న ఆర్థర్‌తో, వదిన ఎస్తేరమ్మతో కలిసి ఆమె హైదరాబాదు వెళ్ళిపోవాలి. టిక్కెట్టు కూడా ఉంది. కాంట్రాక్టరుకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. తెల్లారే పనికి బయల్దేరుతుంటే వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఇయ్యాల కూడా ఎల్తావేటి?"

"మరాళ్ళకి అన్నం ఎవులొండుతారు, వొదినా?"

అది నిజమే కాని, పూర్తి నిజం కాదు. వెళ్ళాలో ఉండాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

నాలుగు నెలల క్రితం ఆర్థర్ గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కూతురు జెనీ హైదరాబాదులో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. భర్త, ఏడాది నిండని కొడుకు, ఎనిమిదో అంతస్తులో సొంత ఫ్లాటు. అందరూ వచ్చెయ్యండి అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో రోజూ రెండు ఊళ్ళనూ తూకం వేస్తూనే ఉన్నారు. అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆర్థర్ మొదలెట్టేవాడు. ఇక్కడ రిక్షా ఇరవై రూపాయలైతే అక్కడ ఆటో నూట యాభై. ఇక్కడ చేప ఇంకా కొట్టుకుంటూ సంచిలో పడుతుంది, అక్కడ ఐసులో పడుకుని ఉంటుంది. అయితే అక్కడ గుండె నొప్పి వస్తే పది నిమిషాల్లో పెద్ద డాక్టరు. ఇక్కడ పెద్ద జబ్బంటే కలకత్తా బండి కోసం చూడాలి.

"ఇక్కడ అన్నీ సవకే," అనేవాడు చివరికి చెయ్యి కడుక్కుంటూ. "గానీ సవకగా బతకడవే బతుకేటి?"

దోర్కా ఏ పక్షమూ చేరేది కాదు. ఆమెకు ఆ తూకం వినడం ఇష్టం. నాన్న లోకో షెడ్డులో ఖలాసీగా ఉన్నప్పుడు ఆయన క్వార్టర్లో పుట్టింది. అమ్మకు పక్షవాతం వస్తే ఏళ్ళ తరబడి మంచం పక్కనే ఉండి చూసుకుంది. ఆ ఏళ్ళల్లోనే పెళ్ళి సంబంధాలు రావడం మానేశాయి. అమ్మ పోయాక అన్న క్వార్టరుకు వచ్చింది. ఊరి గురించి ఎవరైనా, ఇక్కడ బావుందా అక్కడ బావుందా అని తనను అడగవచ్చన్న ఆలోచన ఆమెకు రాలేదు. అడిగితే ఏం చెబుతానో అని మాత్రం ఈమధ్య వింతగా ఉంటోంది.

హైదరాబాదు ఆమె చూడనిది కాదు. జెనీ పురిటికి వెళ్ళి నెల రోజులుంది. లిఫ్టు ఆమెకు భలే నచ్చింది. పని లేకపోయినా ఎక్కి దిగేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అక్కడ ఒక్కరూ అడగలేదు, అదీ నచ్చింది. ఒకరోజు ఎదురింటావిడ జెనీని ఆపి, మీ వంటమనిషి మాక్కూడా చేసి పెడుతుందా అని అడిగింది. జెనీ ముఖం ఎర్రబడింది. దోర్కాకు కోపం రాలేదు. ఏం చూసి అలా అనుకుందా అని ఆ రాత్రంతా ఆలోచించింది. చేతులా? చీర కట్టా? లేక తను ఆ ఇంట్లో నిజంగానే చేస్తున్న పనా?

పొట్లకాయ కూర దింపేసరికి అభినయ్ కంచం పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చాడు. టాటానగర్‌లో అసిస్టెంట్ డ్రైవరు, రైల్వే మాటలో ఏఎల్‌పీ. ఉప్పల్ కుర్రాడు. ఇక్కడికొస్తే తెలుగు మాట్లాడటానికి దోర్కా ఉందని అతనికి సంబరం.

"బాబూ, మీ ఊర్లో బతుకు బావుంతాదా, ఇక్కడా?" అని అడిగింది గరిటెతో పప్పు వడ్డిస్తూ.

అతను గోడకు ఆనుకున్నాడు. "ఇక్కడ జీతంల సగం మిగుల్తది ఆంటీ. అక్కడ ఏం మిగలదు. అయినా సెలవు దొరికితే అక్కడికే ఉరుకుత."

"ఎందుకని?"

"ఏమో. ఈడ నన్ను పేరు పెట్టి ఎవ్వలు పిలవరు. అందరికీ ఏఎల్‌పీనే."

దోర్కా నవ్వింది. "నెల్లాళ్ళున్నాను, అక్కడ నన్నెవులూ పేరెట్టి పిలవలేదు."

అతనూ నవ్వాడు. రెండు ముద్దలు తిని, "మీరు తినరా?" అన్నాడు.

"తింతాను. ఏటి మిగిల్తే అది."

"అట్ల కాదు. మీకేమిష్టం?"

జవాబు నాలుక చివరే ఉందనుకుని నోరు తెరిచింది. బిహారీ డ్రైవర్లకు ఎండు మిరప వేసి మెదిపిన ఆలూ చోఖా ఇష్టం. ఒడియా గార్డులకు నీళ్ళన్నం. అన్నకు ఎండు రొయ్యలు. వదిన వంకాయ ముట్టదు. జెనీకి తీపి గుమ్మడి పులుసు. ఎవరి నాలుక ఎలాంటిదో అంతా ఆమె చేతికి తెలుసు. తనదే గుర్తు రాలేదు.

"సూడాల," అంది చివరికి.

పని ముగించి, అన్నావదినలకు క్యారేజీ సర్దుకుని బయటపడింది. ఇంటివైపు కాకుండా నిమ్‌పురా దారి పట్టింది. యార్డు పక్కన మినతి మాసి ఇల్లుంది. మాసి బెంగాలీ ఆవిడ. భర్త నాన్న పనిచేసిన షెడ్డు మనిషే, పోయాడు. వీధి వైపు గది అద్దెకుందని వారం క్రితం గోల్ బజార్‌లో కనబడి చెప్పింది. రెండు వేలు. దోర్కా జీతంలో నాలుగో వంతు.

"వైశాఖంలో గరమ్ హోబే, వేడికి ఉడికిపోతావు, ముందే చెబుతున్నా," అంటూ మాసి తాళం తీసింది. తను నీడలోకెళ్ళి కూర్చుంది.

పైన రేకు. ఒక మూల సిమెంటు గట్టు, పొయ్యి పెట్టుకోవడానికి. కిటికీలోంచి యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు. గోడకు పాత సున్నం, చేత్తో తాకితే అంటుకుంటోంది. దోర్కా తలుపు మూసి లోపల గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. గది మధ్యలో నిలబడింది. ఆమె ఎక్కడున్నదో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. అది భయంగా ఉంటుందనుకుంది. లిఫ్టులో మొదటిసారి పైకి వెళ్ళినప్పటిలా ఉంది.

జ్వరమొస్తే ఇక్కడ ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నకు గదిలో ఏ మూలా జవాబు కనిపించలేదు. దాన్ని అలాగే ఉంచుకుంది. గట్టు ముందుకెళ్ళి, పొయ్యి ఉండాల్సిన చోట చెయ్యి ఆనించి, రేపు సాయంత్రం ఇక్కడ ఏం వండుతానా అని ఆలోచించింది. ఏమీ తోచలేదు. తోచకపోవడమే ఆమెకు సరదాగా అనిపించింది.

"రేపు వస్తాను, మాసీ," అంది బయటికొచ్చి.

క్వార్టర్లో సామాన్లు కట్టేశారు. ముందు గదిలో అట్టపెట్టెల మధ్య చాప పరుచుకుని ముగ్గురూ అన్నాలు తిన్నారు. ఆర్థర్ మజ్జిగ పోసుకునేదాకా ఆగి దోర్కా చెప్పింది.

"అన్నియ్యా, నా టిక్కెట్టు రద్దు సేసీ."

ఆర్థర్ చెయ్యి కంచంలో ఆగింది. "ఒంట్లో బాగోలేదేటి?"

"బాగుంది. నానిక్కడే ఉండిపోతాను. నిమ్‌పురాలో గది సూసినాను."

"ఎవులితో?"

"ఎవులితో ఏటి? నానే."

అతను గార్డు మనిషి. బండి ఆగితే ముందు ఎందుకాగిందో కనుక్కుంటాడు, తర్వాతే కోపం. "అక్కడ నీకేటి తక్కువైంది, సెప్పు," అన్నాడు.

"ఏటీ తక్కువవలేదు. అక్కడా మీకొండుతాను, ఇక్కడా మీకొండినాను. ఒక్కదాన్నే ఉంతే నానేటి వొండుకుంతానో సూడాలనుంది."

ఎస్తేరమ్మ మోకాళ్ళు వంగక గోడకు చేరబడి, కాళ్ళు చాపుకుని తింటోంది. "ఏబై దాటేక ఇప్పుడు సూస్తావేటి?" అంది. "ఇరవయ్యేళ్ళు ఒక్క పొయ్యి కాడ ఉన్నాం. నాతో ఒక్క మాటయినా అనలేదు. ఆ పసోణ్ణి నాను ఎత్తగలనా? నా కాళ్ళు సూసినావా?"

దోర్కా వదిన కాళ్ళకేసి చూసింది. "నిజవే వొదినా," అంది. "తప్పు నాదే. గానీ నాను రాను."

జెనీకి దోర్కాయే ఫోను చేసి చెప్పింది. అది విని జెనీ, "బాబుకి మనిషిని పెట్టుకుంటాంలే అత్తా. డబ్బవుద్ది, అంతే," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఎండాకాలం ఆ రేకుల కింద ఉండలేకపోతే చెప్పు. సిగ్గుపడకు."

ఆర్థర్ కంచం తీసి తనే కడిగాడు. క్వార్టరు రేపు పొద్దున్న అప్పగించాలి, ఆ తాళంచెవి పని దోర్కా చూసుకుంటానంది. ఆ రాత్రికి అక్కడే పడుకుంటుంది. గదికి కావలసిన రెండు గిన్నెలూ, దుప్పటీ, పొయ్యీ ఆర్థర్ పెట్టెల్లోంచి విప్పి పక్కన పెట్టాడు. తర్వాత ఆటో తెచ్చి సామాన్లు ఎక్కించుకోవడం మొదలెట్టారు. అంతా ఎక్కించాక చూస్తే ఎస్తేరమ్మ లేదు. ఆర్థర్ రెండుసార్లు కేకేశాడు. పెరటి వైపు నుంచి చాలాసేపటికి వచ్చింది, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ, ఆయాసపడుతూ. ఏడ్చిందనుకుని దోర్కా అటు చూడలేదు.

బండి ఎక్కువసేపు ఆగదు. ఆర్థర్ సామాన్లు బెర్తు కింద తోసి, తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ప్లాట్‌ఫారం వెనక్కి జరగడం అతను ఎన్నివేల సార్లు చూశాడో. ఈసారి చేతిలో జెండా లేదు. చెయ్యి ఏం చెయ్యాలో తెలియక దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఫోను సెయ్యి, దోర్కా," అన్నాడు.

"సేస్తాను."

ఎస్తేరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా చూస్తోంది. బండి కదిలాకే తల తిప్పింది. "కారం తగ్గించి తిను," అంది. "నీ కడుపుకి పడదు." దోర్కా కిటికీ వెంట నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. తనకు కారం పడదని దోర్కాకు ఆ నిమిషం దాకా తెలియదు.

చివరి పెట్టె వంపు తిరిగాక కూడా కాసేపు నిలబడింది. టీ తాగుదామా అనుకుంది, వద్దనుకుంది. నడిచి క్వార్టరుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గదులు ఎప్పటికంటే పెద్దవిగా కనిపించాయి. గోడల మీద ఫొటోలు తీసిన చోట సున్నం తెల్లగా ఉంది. కాళ్ళు కడుక్కోవాలి. నీళ్ళు లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పెరటి వెనక సందులోని కుళాయి మధ్యాహ్నం ఓ అరగంట వచ్చి ఆగిపోతుంది, మళ్ళీ తెల్లారే రాక. పొరుగున ఎవరినైనా ఒక బకెట్టు అడుగుదామని పెరట్లోకి వెళ్ళింది.

తులసి పొద పక్కన, ఎవరూ పట్టుకెళ్ళని పాత చిన్న నీలం డ్రమ్ము, అంచుదాకా నీళ్ళతో నిండి ఉంది. సందులోని కుళాయి నుంచి దానిదాకా మట్టిలో ఒలికిన నీటి చార ఇంకా పూర్తిగా ఆరలేదు. పక్కన తీసి పెట్టిన మూత మీద ఎస్తేరమ్మ ఇత్తడి బిందె బోర్లించి ఉంది.